పైనుంచి కిందికి

ఆగిన తీరునిబట్టే అతనికి తెలిసిపోయింది, ఇది కరెంటు పోవడం కాదని. కరెంటు పోతే లైటూ ఫ్యానూ కూడా పోతాయి. ఇక్కడ లైటు వెలుగుతూనే ఉంది, నెత్తిమీద ఫ్యాను కీచుమంటూ తిరుగుతూనే ఉంది, ఐదో అంతస్తు నుంచి దిగుతున్న క్యాబిన్ మాత్రం నాలుగుకి చేరకుండా టక్కుమని నిలబడిపోయింది. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి, అప్పుడే తను బాగుచేసిన లిఫ్టులో, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ నించున్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత వాచీ చూసుకున్నాడు. మూడూ ఇరవై. నవ్వు ఎగిరిపోయింది. నాలుగింటికి బస్టాండు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో కూతురు వచ్చి కూర్చుంటుంది. రెండేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి. ‘నాలుగింటికి వస్తాను, నాలుగుంబావుకి వెళ్ళిపోతాను’ అని మెసేజ్ పెట్టింది. ఆ పావుగంట కోసం పొద్దున రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

ఎందుకు ఆగినట్టు? ఏది ఆగినా అతని బుర్రలో మొదట మెదిలేది ఇదే ప్రశ్న, కాస్త ఆలస్యంగానైనా తన గురించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవడం ఈ మధ్యే నేర్చుకున్నాడు. లైటుంది, మోటారు లేదు, అంటే ఎక్కడో ఒక తలుపు తాళం తెరుచుకుందని యంత్రం అనుకుంటోంది. తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలదు, అది దాని మర్యాద. ఏ తలుపు? ఐదో అంతస్తుదే, ఇంకేది, గంట క్రితం చెయ్యిపెట్టింది దానికేగా. అసలా పని క్యాబిన్ రూఫు మీద నించుని చెయ్యాలి, తాళం సరిగ్గా మొహానికి ఎదురుగా ఉంటుంది, కళ్ళతో చూస్తూ బిగించొచ్చు. ఇతను రూఫ్ ఎక్కలేదు. ఐదో అంతస్తు వరండాలో స్టూలేసుకుని, తలుపు తెరిచి, చెయ్యి లోపలికి పోనిచ్చి వెనక్కి మడిచి, కంటికి కనపడని స్క్రూని వేలికొసలతో వెతుక్కుంటూ తిప్పాడు. మూడు చుట్లు తిరగాల్సింది రెండే తిరిగింది. చాల్లే అనుకున్నాడు. ఇదిగో, చాల్లేదు. చేసిన పని ఇంత త్వరగా తిరిగొచ్చి వాత పెట్టడం కొత్త అతనికి. అతని తప్పులు మామూలుగా ఏళ్ళు పట్టేవి.

అలారం నొక్కాడు. ఎక్కడో కింద గంట మోగింది, ఎవరూ పలకలేదు. ఫోను తీశాడు, సిగ్నల్ లేదు. ఇనప పెట్టెలో సిగ్నల్ ఉండదండీ అని జనానికి వందసార్లు చెప్పినవాడే, ఫోనుని నాలుగు మూలలకీ తిప్పి చూశాడు. క్యాబిన్ తలుపు లాగితే ఎదురుగా సిమెంటు గోడ. పాతకాలపు కట్టడం, ఒక్కో అంతస్తు తాటిచెట్టంత ఎత్తు. నాలుగో అంతస్తు తలుపు పైఅంచు తన చెప్పుల కింద ఎక్కడో ఉంది, ఐదో అంతస్తు గడప తన నెత్తిమీద ఉంది. ఈ పనికి ఇద్దరు రావాలని రూలు, జోడీగాడికి జ్వరం, ‘చిన్న పనేలే, నేను చూసుకుంటా’ అని తనే అన్నాడు. ఎన్ని ఘోరాలు ఈ ఒక్క మాటతో మొదలయ్యాయో లెక్కేస్తే ఈ సాయంత్రం సరిపోదు.

లిఫ్టులో ఇరుక్కుపోయానమ్మా. ఆ మాట తనంతట తనే నోట్లోకి వచ్చి కూర్చుంది, రుచి కూడా తెలిసింది, కాస్త తియ్యగా, కాస్త కుళ్ళిన వాసనతో. పదేళ్ళు అతన్ని పోషించిన మాట అది. బడి వార్షికోత్సవానికి రానప్పుడు అదే, పుట్టినరోజుకి అదే, కూతురికి ఎముక విరిగి ఆస్పత్రిలో కట్టుకట్టించుకుంటున్న రోజునా అదే. వృత్తికి తగ్గ అబద్ధం, ఎవరూ కాదనలేరు. భార్య ఒక్కతే అనేది: “ఊళ్ళో లిఫ్టులన్నీ కూడబలుక్కుని నీ ఒక్కడి కోసమే ఆగుతాయా?” నిజం చెప్పాలంటే ఇరవై రెండేళ్ళలో అతను ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. ఇవాళే మొదటిసారి. పైగా ఒంట్లో చుక్క మందు లేకుండా, ఏడు నెలల ఆరు రోజుల తర్వాత. అబద్ధం ఎంత అరగదీశాడంటే, నిజానికి తొడుక్కోడానికి బట్ట మిగల్లేదు. దీన్ని తల్చుకుంటే ఏడవాలో నవ్వాలో తెలియక తల గోక్కున్నాడు.

బయటపడే దారి లేకపోలేదు. ఉంది కాబట్టే చిక్కు. క్యాబిన్ పైకప్పులో చదరపు తలుపు ఉంది, మూడు పలకల తాళంచెవి అతని నడుముకి వేలాడుతోంది. సంచీ తలకిందులుగా పెట్టి దానిమీద ఎక్కి, చెవి తిప్పి, మోచేతులు ఆనించి పైకి లేస్తే రెండు నిమిషాలు. రూఫు మీద నించుంటే ఐదో అంతస్తు తాళం సరిగ్గా మొహానికి ఎదురుగా. స్క్రూకి ఆ మూడో చుట్టు తిప్పితే లిఫ్టు కదులుతుంది, ఆటో దొరికితే మూడూ యాభైకి బస్టాండు. ఒంటరిగా రూఫెక్కకూడదని రూలుంది గానీ, ఆ రూలు అతనెప్పుడు పాటించాడు? అసలు సంగతి రూలు కాదు. ఆ రూఫు మీద, ఫ్యాను డబ్బా వెనక, నూనె గుడ్డలో చుట్టి ఒక క్వార్టర్ సీసా ఉంది. పెట్టింది తనే. ఊళ్ళో పదకొండు లిఫ్టుల రూఫుల మీద పదకొండు సీసాలు దాచుకున్న ఘనుడు తను; ఇంట్లో పెళ్ళాం వెతుకుతుంది, ఆఫీసులో సూపర్‌వైజర్ వెతుకుతాడు, జనం నెత్తిమీద పైకీ కిందకీ తిరిగే సీసాని ఎవడు వెతుకుతాడు? మందు మాన్పించే ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక పది చోట్లకి జోడీగాణ్ణి పంపి తీయించాడు. ఈ పదకొండోది చెప్పలేదు. మర్చిపోయాననుకున్నాడు. పొద్దున ఈ కట్టడం మెట్లెక్కుతుంటే కాళ్ళు బరువెక్కాయి, అప్పుడు తెలిసింది మర్చిపోలేదని. అందుకే స్టూలు, అందుకే వరండా, అందుకే ఆ రెండు చుట్లు.

మొదలైంది, తాగాలన్న ఆ లాగుడు. ఎక్కడ మొదలవుతుందో చూడండి అనేది డాక్టరమ్మ. ఆస్పత్రిలో చేరిన కొత్తలో, చేతులు వణుకుతూ, గోడమీద లేని చీమల్ని దులుపుకుంటూ గడిపిన మొదటివారం దాటాక, ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పిన మాట: “దానితో పోట్లాడకండి. పారిపోనూ వద్దు. ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది, ఎంతసేపుంటుంది, చూడండి. మీరు మెకానిక్కే కదా!” వెక్కిరిస్తోందనుకున్నాడు. తర్వాత కుతూహలం పట్టుకుంది. అందరూ గొంతు ఎండుతుందంటారు గానీ అతనికి గొంతులో పుట్టదు, దవడ కీలు దగ్గర, చెవి కింద, చింతకాయ తల్చుకున్నప్పటి జివ్వుమన్న లాగుడు. అక్కణ్ణించి నాలుక కిందికి నీళ్ళు. అక్కణ్ణించి, ఇదే విచిత్రం, అరిచేతుల్లోకి. సీసా మెడ ఎంత లావుంటుందో అరిచేతికి గుర్తు. ఆ తర్వాతే బుర్రకి కబురందుతుంది, అది తనే కనిపెట్టినట్టు కబుర్లు మొదలెడుతుంది: కూతుర్ని చూడబోతున్నావు, చేతులు వణికితే బాగుండదు, ఒక్క గుక్క మందులాగా. ఎంత మర్యాదగా మాట్లాడుతుందో! మొదటిసారి వాచీ పెట్టి చూస్తే పంతొమ్మిది నిమిషాలుంది. అంతకుముందు అది శాశ్వతం అనుకునేవాడు, తాగితే తప్ప పోదనుకునేవాడు. ముప్పై ఏళ్ళు తాగి ఒక్కసారైనా ఆగి చూడలేదు, ఊరికే పోతుందేమోనని. ఇప్పుడు మూడూ ముప్పై ఒకటి. వాచీ చూసుకుని నేలమీద చతికిలబడ్డాడు.

“ఎవరండీ లోపల?” కాళ్ళ కిందనుంచి గొంతు. ఆడగొంతు, పెద్దావిడ.

బోర్లా పడుకుని క్యాబిన్ గడపకీ గోడకీ మధ్యనున్న సందులోకి నోరు పెట్టాడు. “నేనేనండీ, లిఫ్టు మెకానిక్‌ని.”

“మెకానిక్కే ఇరుక్కున్నాడా!” ఆవిడ పకపకా నవ్వింది, ఆ నవ్వులో చెడు లేదు. నాలుగో అంతస్తులో ఉండే రిటైరైన టీచరమ్మ, మోకాళ్ళు పోయి మెట్లు దిగలేక వారం నుంచి లిఫ్టు కోసం ఆఫీసుకి ఫోన్లు చేస్తున్నది ఈవిడే. తలుపు పక్కన రాసున్న నంబరుకి ఫోను చేసింది. ఇంకో మెకానిక్ ఊరికి ఆ చివర ఉన్నాడట, ముప్పావుగంట పడుతుందట. “కంగారు పడకు నాయనా. మంచినీళ్ళు కావాలంటే ఎలా ఇవ్వాలో తెలీడం లేదు.”

“నీళ్ళొద్దండీ. ఇంకో ఫోను చేసిపెడతారా?” కూతురి నంబరు చెప్పాడు. ఫోనులో ఉన్న నంబర్లలో ఇదొక్కటే కంఠతా వచ్చు. ఎన్నిసార్లు తాగి నొక్కాడో వేళ్ళకి తెలుసు.

“ఏం చెప్పమంటావు?”

“లిఫ్టులో... నిజంగానే లిఫ్టులో ఇరుక్కున్నాడని చెప్పండి. వద్దొద్దు. ‘నిజంగానే’ అనకండి.”

టీచరమ్మ అడుగుల చప్పుడు దూరం జరిగింది, తిరిగి దగ్గరైంది. “చెప్పాను. మీరెవరంది, చెప్పాను. ఏ బిల్డింగంది, చెప్పాను. సరే అని పెట్టేసింది.”

సరే. ఎలాంటి సరే? నమ్మిన సరేనా, విసిగిన సరేనా, మళ్ళీ మొదలెట్టాడనే సరేనా? అడగాలనిపించింది, ‘గొంతెలా ఉందండీ, సాగదీసిందా, తుంచేసిందా’ అని. కానీ ఆవిడకేం తెలుస్తుంది. ఒకసారి పక్కనే కూర్చుని తాగుతున్నవాడి చేత కూడా ఇలాగే ఫోను చేయించాడు, ‘అమ్మా, మీ నాన్నగారు లిఫ్టులో ఉన్నారు, నేను బిల్డింగు సెక్రటరీని’ అని. వాడు సెక్రటరీలాగా దగ్గాడు కూడా. అంటే కూతురి లెక్కలో ఇవాళ ఈ పెద్దావిడ కూడా వాడి పక్కన చేరినట్టే. కూతురు కళ్ళాస్పత్రిలో పనిచేస్తుంది, వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీది అక్షరాలు పైవరస నుంచి కిందివరస దాకా చదివిస్తుంది. ఎవరికి కనపడుతోందో, ఎవరు కనపడినట్టు నటిస్తున్నారో ఇట్టే పసిగడుతుందని అక్కడ పేరట. ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో అక్కడెవరికీ తెలియదు.

కూతురికి ఆరేళ్ళప్పుడు భుజాన ఎక్కించుకుని నేర్పాడు, లిఫ్టు పైనుంచి కిందికి: మోటారు, బ్రేకు, చక్రం, తాళ్ళు, రూఫు, ఫ్యాను, గది, గడప, సేఫ్టీ, బరువు, బఫరు, గుంత. పాటలాగా పాడేది. తొమ్మిదేళ్ళకి కనిపెట్టింది, తాగొచ్చిన రోజున నాన్న గడప మర్చిపోతాడని. ఎందుకో, ఎప్పుడూ గడపే. గది నుంచి నేరుగా సేఫ్టీ మీదికి దూకేవాడు. అప్పట్నించి తలుపు తీసేముందు లోపల గొళ్ళెం పట్టుకుని “పైనుంచి కిందికి చెప్పు” అనేది. సరిగ్గా చెబితే తలుపు తీసేది. గడప పోతే వాళ్ళమ్మని లేపేది, అమ్మా కూతురూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాకే గొళ్ళెం తీసేవాళ్ళు. దాని పదమూడో ఏట ఒక సాయంత్రం, బస్సులో దారంతా గడప గడప గడప అని వల్లించుకుంటూ వచ్చి, ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. తలుపు తీసింది, మొహం ఇంత చేసుకుని, చేతిలో బడి ఎగ్జిబిషన్‌కి తను చేసిన లిఫ్టు: చెప్పుల అట్టపెట్టె, అగ్గిపెట్టె క్యాబిన్, దారం తాళ్ళు, మీట తిప్పితే పైకెళుతుంది. “నాన్నా, చూడు, సేఫ్టీ కూడా పెట్టా, తాడు తెగినా పడదు.” చూద్దామని వంగి దానిమీదే కూలబడ్డాడు. పొద్దున లేచి, ఏమైందిరా అని అడిగి, పిల్లి తొక్కిందేమోనన్నాడు. వాళ్ళింట్లో పిల్లి లేదు. ఆ తర్వాత కూతురు ఇంకెప్పుడూ పైనుంచి కిందికి అడగలేదు, గొళ్ళెం మాత్రం వేసే ఉంచేది. తాగిన వేల సాయంత్రాల్లో అతను తిరిగి కొనుక్కోవాలనుకునేది ఆ ఒక్కదాన్నే. ఇప్పుడు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు, చూసేవాళ్ళెవరు.

మూడూ నలభై మూడు. పన్నెండు నిమిషాలు. తగ్గలేదు సరికదా, అరిచేతులు దురదపెడుతున్నాయి. అసలిది ఎక్కణ్ణించి వచ్చింది? తను ఆస్పత్రిలో అందరికీ చెప్పుకున్న కథ ఒకటుంది: పాత జోడీ తన కళ్ళముందే పడిపోయాడు, ఆరు అంతస్తులు, ఆ తర్వాత గుంత చూస్తే గుండె దడ, నిద్ర లేదు, ఏమీ తినబుద్ధికాదు, మనుషుల గొంతులు వింటే చిరాకు, గుక్క పడితే తప్ప పనిలోకి దిగలేకపోయేవాడు. నిజమే. ఆ దడకి వేరే పేరుందనీ, దానికి వైద్యం ఉందనీ డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. ఇప్పుడు రోజూ పొద్దున వేసుకునే మాత్ర దానికే. కానీ ఆస్పత్రిలో రోజూ గుండ్రంగా కూర్చుని ఎవరి కథ వాళ్ళు చెప్పుకునే బృందంలో ఒక లారీ డ్రైవరన్న ఉండేవాడు, కథంతా విని, చాలాసేపు ఆలోచించి, “మరి ఆయన పడకముందు నువ్వు తాగేవాడివి కాదా?” అని అడిగాడు. తాగేవాడు. పెళ్ళిళ్ళకి తాగేవాడు, చావులకి తాగేవాడు, వానొస్తే తాగేవాడు. భయం ముందా, మందు ముందా? డాక్టరమ్మని అడిగితే, రెండూ ఒకదాన్నొకటి పెంచాయి, ఏది ముందో తేలకపోయినా బాగుపడొచ్చు అంది. ఆ మాట అతనికి నచ్చలేదు, మెకానిక్కుకి మూలం తెలియాలి. అయినా ఎన్ని లిఫ్టులు మూలం తెలియకుండానే నడుస్తున్నాయో అతనికి తెలియనిది కాదు.

లేచి నించున్నాడు. తను లేవాలనుకోలేదు, కాళ్ళు లేచాయి. సంచీ తలకిందులైంది, పనిముట్లు గలగలమన్నాయి. తాగడానికి కాదు, స్క్రూ తిప్పడానికి, సీసా వైపు చూడను, చూసినా ముట్టుకోను, ముట్టుకున్నా కింద పడేయడానికే. బుర్ర ఎంత చక్కగా మెట్లు కడుతోందో, ఒక్కొక్క మెట్టూ ఎంత తక్కువ ఎత్తో! ఇదంతా కూతురి కోసమేనట. ఆ మాట దగ్గర ఆగాడు. నలభై ఒక్క రోజులు మానేసి మళ్ళీ మొదలెట్టిన రోజు కూడా ఇలాగే ఎవరి కోసమో వెళ్ళాడు, ఎవరో గుర్తులేదు. మూడు పలకల చెవి చేతిలో ఉంది, వెచ్చగా. పైకెళితే నాలుగింటికి అక్కడుంటాడు, ఏ వాసనతో ఉంటాడో తెలియదు. ఇక్కడుంటే ఆలస్యమవుతుంది, పాత అబద్ధంతో సహా. రెండిట్లో కూతురు ఏది నమ్ముతుంది? ఏదీ నమ్మదు. అది తట్టగానే ఎందుకో తేలికైంది, నమ్మించే పని ఇవాళ్టికి లేదన్నమాట. ఇక మిగిలింది తను తాగుతాడా తాగడా అన్నదొక్కటే, ఆ సంగతి తెలుసుకోవాలని కూతురి కన్నా ముందు తనకే ఉంది. వంగి, తాళంచెవిని గడప పక్కన సందులో పెట్టి వదిలేశాడు. ఒకటి, రెండు, అని లెక్కపెట్టబోయాడు, రెండు పూర్తికాకముందే అట్టడుగున గుంతలో ఠంగుమంది.

“ఏమిటా చప్పుడు?” అంది టీచరమ్మ.

“ఏం లేదండీ, తాళంచెవి పడింది.”

“అయ్యో, ఎలాగిప్పుడు?”

“పర్లేదండీ. ఇప్పుడు నిమ్మళంగా ఉంది.”

వెల్లకిలా పడుకున్నాడు. నాలుగు దాటింది. నాలుగుంబావూ దాటింది. ఫ్యాను తిరుగుతోంది, దాని వెనక సీసా తనలోకి తాను చూసుకుంటూ కూర్చునుంటుంది. దవడ కీలు దగ్గర లాగుడు ఎప్పుడు వదిలేసిందో గమనించలేదు. ఇంత శ్రద్ధగా కాపలా కాసి సరిగ్గా అది వెళ్ళే క్షణాన్ని చూడలేకపోయినందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. కాఫీ హోటల్లో ఖాళీ కుర్చీ ఎదురుగా కూతురు పావుగంట కూర్చుని లేచి ఉంటుంది. ఆ నొప్పికి వాచీ అక్కర్లేదు, అది ఎక్కడికీ పోయేది కాదు.

మెట్ల మీద అడుగులు. టీచరమ్మవి కావు, వేగంగా ఉన్నాయి. నాలుగో అంతస్తులో ఆగాయి. టీచరమ్మ ఎవరితోనో ఏదో అంది, అవతల మనిషి మాట్లాడలేదు. మెకానిక్ అనుకుని లేచి కూర్చున్నాడు. తలుపుకి దగ్గరగా ఊపిరి ఎగపోస్తున్న చప్పుడు వినపడింది.

“పైనుంచి కిందికి చెప్పు.”

పదకొండేళ్ళ తర్వాత. గొంతు పెద్దదైంది, గొళ్ళెం పట్టుకున్న చెయ్యి మాత్రం అదే. బోర్లా పడుకుని సందులోకి నోరు పెట్టాడు. “మోటారు. బ్రేకు. చక్రం. తాళ్ళు. రూఫు.” అక్కడ ఆగిపోయాడు. ఆగకూడదని తెలుసు, ఆగితే అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. ఫ్యాను అనేస్తే అయిపోతుంది.

“రూఫు మీద సీసా ఉందమ్మా. నేనే పెట్టాను, ఎప్పుడో. పదకొండిట్లో పది తీయించాను, ఇది తీయించలేదు. దాని భయంతోనే ఇవాళ రూఫెక్కకుండా పని చేశాను, అందుకే స్క్రూ సరిగ్గా పడలేదు, అందుకే ఇది ఆగింది. పైకెళ్ళలేదు. వెళదామని లేచాను. వెళ్ళలేదు.”



“తర్వాత?” అంది కూతురు.

“ఫ్యాను. గది. సేఫ్టీ. బరువు. బఫరు. గుంత. గుంతలో నా తాళంచెవి ఉంది. నేనే పడేశాను.”

బదులు ఎంతసేపటికి వచ్చిందో చూసుకోలేదు, వాచీ ఉన్న చెయ్యి ఒంటి కింద పడి ఉంది.

“గడప మర్చిపోయావు నాన్నా.”

తిరిగి లెక్కపెట్టుకున్నాడు, గది, సేఫ్టీ, అవును, మర్చిపోయాడు. ఇక అడుగులు మెట్లు దిగిపోతాయని చెవి నేలకి ఆనించి ఎదురుచూశాడు. వినపడింది వేరే చప్పుడు. బ్యాగు నేలమీద పెట్టిన చప్పుడు, తర్వాత తలుపుకి వీపు ఆనించి ఒక మనిషి కింద కూర్చున్న చప్పుడు.

“గడప,” అన్నాడు అతను.